ఉన్నట్టుండి చనిపోయిన పశువును ఏం చేయాలి? గొయ్యి తవ్వే ముందు తెలుసుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: రాత్రి మామూలుగా మేత మేసిన ఆవు తెల్లారేసరికి చనిపోయి ఉంది. పక్కవాళ్ళలో ఒకరు తోలు తీయించి మిగిలింది దూరంగా పడేయమంటున్నారు. ఇంకొకరు గొయ్యి తీసి, సున్నం పోసి పూడ్చేస్తే సరిపోతుందంటున్నారు. చట్టం ప్రకారం ఇబ్బంది రాకుండా, మిగతా పశువులకూ ఇంట్లోవాళ్ళకూ ప్రమాదం లేకుండా ఏం చేయాలి? దాంతోపాటు, ముసలి కుక్కను ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి వస్తే పెరట్లోనే పూడ్చుకోవచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. ఆవును కోయించకండి, తోలు తీయించకండి, ఉన్నచోటు నుంచి కదిలించకండి. ముందు పశువుల డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఎందుకు చనిపోయిందో తేలాకే పూడ్చాలా, కాల్చాలా, బండి ఎక్కించి పంపించాలా అన్న మాట. కుక్క విషయానికొస్తే, సొంత స్థలంలో పూడ్చుకోవడానికి చాలా చోట్ల చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఆ ఇంజెక్షన్ మందు వల్ల జాగ్రత్త రెట్టింపు కావాలి. అది కింద వివరంగా రాస్తాను.

పశువైద్యంలో నా ఉద్యోగకాలమంతా చూసింది ఒకటే. జనం పద్ధతి గురించి అడుగుతారు, కారణం గురించి అడగరు. గొయ్యి ఎంత లోతు, సున్నం ఎన్ని బస్తాలు అని లెక్కలు వేసుకుంటారు. అసలు లోపల ఏముందో తెలియకుండా వేసే లెక్క అది.

ఆరోగ్యంగా కనిపించిన పశువు గంటల్లో చనిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. పాము కాటు, పిడుగు, విషపు మేత, పురుగుమందు, పొట్ట ఉబ్బరం, గొంతువాపు, జబ్బవాపు, ఇలా. వీటిలో ఎక్కువ వాటికి సరిగ్గా పూడిస్తే కథ అక్కడితో ముగుస్తుంది. ఆంత్రాక్స్, అంటే దొమ్మరోగం, అలా కాదు. హఠాత్తుగా చనిపోయిన పశువును, పరీక్షలో కాదని తేలేవరకు, దొమ్మరోగం అనుకునే చూడాలి. మేమందరం పాటించే నియమం ఇది.

ఎందుకో చెప్తాను. దొమ్మరోగంతో చనిపోయిన పశువు రక్తం నిండా ఆ క్రిమి ఉంటుంది. శరీరం కోయకుండా ఉంటే లోపల గాలి ఆడదు. కుళ్ళబెట్టే మిగతా బ్యాక్టీరియా కొద్ది రోజుల్లోనే దాన్ని చంపేస్తుంది. శరీరం కోసి రక్తం నేల మీద పడిందంటే మాత్రం, గాలి తగిలిన కొన్ని గంటల్లో ఆ క్రిమి గట్టి కవచం కట్టుకుని స్పోరుగా మారుతుంది. ఇక ఎండకూ వానకూ లొంగదు. దశాబ్దాల పాటు మట్టిలోనే ఉండి, అక్కడ మేసిన పశువులోకి మళ్ళీ వెళ్తుంది. కోయవద్దని మేం అంతగా మొత్తుకునేది అందుకే.

ఎన్నేళ్ళు ఉంటుందంటే, స్కాట్లాండ్ దగ్గర గ్రూనార్డ్ అని ఒక చిన్న ద్వీపం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, బ్రిటన్ అక్కడ గొర్రెల మీద ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించింది. 1986లో ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీటితో నేలంతా తడిపితే గానీ అది శుభ్రపడలేదు. మనుషులు వెళ్ళవచ్చని ప్రకటించింది 1990లో. ఇంకా ఈమధ్యి ఉదాహరణ 2016 వేసవిలో రష్యాలోని యమల్ ద్వీపకల్పం. అసాధారణమైన ఎండలకు గడ్డకట్టిన నేల కరిగి, అందులో పాతకాలం నుంచి ఉన్న క్రిములు బయటపడ్డాయన్నది నిపుణులు చెప్పిన ప్రధాన కారణం. రెండు వేలకు పైగా రెయిన్‌డీర్లు చనిపోయాయి. ఒక పన్నెండేళ్ళ పిల్లవాడు కూడా చనిపోయాడు.

గుర్తులు ఏమిటంటే, ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి రక్తం కారుతుంది, అది గడ్డకట్టదు. పొట్ట చాలా త్వరగా ఉబ్బుతుంది. శరీరం పూర్తిగా బిగుసుకోదు. ఇవి కనిపించలేదు కాబట్టి దొమ్మ కాదని మీరే తేల్చేసుకోకండి. అన్ని కేసుల్లో రక్తం కారదు. డాక్టర్ వచ్చి చేసే పరీక్ష పెద్దదేమీ కాదు. చెవి నరం నుంచి ఒక్క చుక్క రక్తం తీసి గాజు పలక మీద పలచగా పూసి, నీలిరంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. కొసలు నరికినట్టు చదరంగా ఉన్న నీలం కడ్డీలు ఒకదాని వెనక ఒకటి వరుసగా, వాటి చుట్టూ లేత గులాబీ రంగు పొర. ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు.

నేను చూసిన ఒక కేసు చెప్తాను. ఎద్దు చనిపోయిందని కబురు వచ్చి నేను వెళ్ళేసరికే తోలు తీయడం, మాంసం పంచుకోవడం అయిపోయాయి. పలక మీద దొమ్మ క్రిములు కనిపించగానే తోలు తీసినతన్ని పిలిపించాను. ముంజేతి మీద చిన్న పొక్కు, దోమ కుట్టినట్టు ఉందని అతనికి దాని మీద ధ్యాసే లేదు. రెండు రోజులకు పొక్కు పగిలి చుట్టూ చిన్న చిన్న నీటి బుగ్గలు వచ్చాయి. మధ్యలో చర్మం లోపలికి గుంట పడి బొగ్గులా నల్లబడింది. మోచేయి దాకా వాపు. ఇంతా జరిగినా నొప్పి లేదు! నొప్పి లేకపోవడమే ఈ జబ్బులో మోసం. నొప్పి ఉంటే మనిషి తనంతట తానే ఆస్పత్రికి పోతాడు. అప్పటికే మందులు మొదలుపెట్టించాం కాబట్టి కోలుకున్నాడు. మాంసం తీసుకున్న ప్రతి ఇంటికీ వెళ్ళి, మిగిలిందంతా వెనక్కి తీసుకుని కాల్పించి, అందరికీ వైద్యం ఇప్పించాల్సి వచ్చింది. ఒక తోలు కోసం.

డాక్టర్ వచ్చేలోపు మీరు చేయాల్సింది: కళేబరం మీద టార్పాలిన్ కప్పి అంచుల మీద బరువు పెట్టండి. కుక్కలూ కాకులూ ముట్టకుండా ఒక మనిషిని కాపలా ఉంచండి. మిగతా పశువుల్ని అక్కడి నుంచి దూరంగా, వేరే నీళ్ళ తొట్టి ఉన్న చోట కట్టేయండి. అది తిని వదిలేసిన మేతను ఇంకో పశువుకు వేయకండి. చెవి ట్యాగ్ నంబర్ కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. బీమా ఉంటే కంపెనీకి కూడా అప్పుడే చెప్పండి. పూడ్చేశాక చెబితే క్లెయిమ్ దగ్గర నానా తంటాలు. డాక్టర్ ధ్రువపత్రం లేకుండా ఆ డబ్బు రావడం కష్టం.

ఒక్క ప్రశ్న మీకు మీరు వేసుకోండి. చనిపోయే ముందు రెండు మూడు రోజుల్లో ఆ ఆవు వింతగా ప్రవర్తించిందా? చొంగ కార్చడం, గొంతు మారి అదేపనిగా అరవడం, మింగలేకపోవడం, నడుము పడిపోవడం? అలా ఉంటే రేబిస్ అనుమానం. గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చేయి పెట్టి చూసినవాళ్ళు, నోటితో మందు తాగించినవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్ళు వెంటనే చేతుల్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని ఆస్పత్రికి వెళ్ళాలి. టీకా విషయంలో ఆలస్యం వద్దు. పశువు తలను కూడా మీరు ముట్టుకోకండి. పరీక్షకు కావాల్సింది మెదడు, దాన్ని తీయడం శిక్షణ ఉన్నవాళ్ళ పని.

ఇక దొమ్మ కాదు, రేబిస్ కాదు, మామూలు కారణమే అని తేలిందనుకుందాం. అప్పుడు పూడ్చడం గురించి మాట్లాడుకోవచ్చు.

ముందు చూడాల్సింది లోతు కాదు, నీళ్ళు. పెద్ద ఆవు కళేబరం నుంచి మొదటి రెండు నెలల్లో సుమారు 160 లీటర్ల ద్రవం కారుతుంది. అందులో సగం దాకా మొదటి వారంలోనే. అదంతా కిందికి ఇంకుతుంది. కాబట్టి గొయ్యి అడుగుకూ భూగర్భ జలానికీ మధ్య కనీసం ఒక మీటరు పొడి నేల ఉండాలి. తవ్వుతుంటే అడుగున చెమ్మ ఊరిందంటే ఆ చోటు పనికిరాదు, మట్టి వెనక్కి నింపేసి మెరక చోటు చూసుకోండి. తాగునీటి బావికీ బోరుకూ ఎంత దూరం అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంది. బ్రిటన్‌లో మార్గదర్శకాలు 250 మీటర్లు అంటాయి. మీ దగ్గర నిబంధన అంతకన్నా తక్కువే అయినా, స్థలం ఉన్నవాళ్ళు ఎక్కువ దూరమే పాటించండి. ఇసుక నేలలో ద్రవం త్వరగా దిగిపోతుంది, బంకమట్టి నేల మేలు. వాగుకు, చెరువుకు వాలు ఉన్న చోట, వరద నీరు నిలిచే చోట అసలు వద్దు.

లోతు సంగతి: కళేబరం పైభాగం మీద కనీసం 3 అడుగుల మట్టి పడాలి. పెద్ద పశువుకు గొయ్యి 7 అడుగుల దాకా పోవాల్సి వస్తుంది, చేత్తో తవ్వడం కన్నా యంత్రం మాట్లాడుకోవడం మంచిది. అంత లోతు గోతిలో మనిషి దిగి పనిచేస్తుంటే గోడ విరిగి మీద పడే ప్రమాదం ఉంది. గొయ్యి నిండాక మట్టిని గట్టిగా దిమ్మిస కొట్టొద్దు. లోపల గ్యాస్ పుడుతుంది, దారి దొరక్కపోతే నేల పగిలి ద్రవం పైకి చిమ్ముతుంది. వదులుగా నింపి, పైన దిబ్బలా పోసి వదిలేయండి. నెలలు గడిచేకొద్దీ అదే కుంగుతుంది, కుంగినప్పుడల్లా మళ్ళీ మట్టి పోయాలి. చుట్టూ ముళ్ళకంప వేస్తే కుక్కలు తవ్వవు. పొట్టలో గ్యాస్ పోవడానికి గోతిలోకి దించాక పెద్ద పొట్టకు గంటు పెట్టడం కూడా పద్ధతిలో భాగమే. కానీ మరణ కారణం డాక్టర్ తేల్చిన తర్వాత మాత్రమే. అనుమానం ఉంటే కత్తి ముట్టుకోవద్దు.

మీ పక్కవాళ్ళు చెప్పిన సున్నం గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే ఈ నమ్మకం చాలా బలంగా ఉంది. సున్నం శవాన్ని త్వరగా కరిగిస్తుందని అందరూ అనుకుంటారు. జరిగేది దాదాపు దానికి వ్యతిరేకం. సున్నం వాసననూ ఈగల్నీ కొంత ఆపుతుంది, నిజమే. కానీ కుళ్ళబెట్టే క్రిముల్ని కూడా ఆపుతుంది కాబట్టి శరీరం నేలలో కలవడం ఆలస్యమవుతుంది. దీన్ని పందుల కళేబరాల మీద ప్రయోగాలు చేసి మరీ చూశారు. మామూలు మరణమైతే పలచగా చల్లినందువల్ల పెద్ద నష్టం లేదు, బస్తాలకు బస్తాలు పోయాల్సిన పని మాత్రం లేదు. దొమ్మరోగమైతే సున్నం అసలు వద్దు. కాల్షియం స్పోర్లు బతకడానికి తోడ్పడుతుందన్న కారణంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు సున్నం వాడొద్దనే చెబుతాయి. దొమ్మ కళేబరానికి మొదటి ఎంపిక కాల్చడం. అది కుదరనప్పుడే, అధికారుల పర్యవేక్షణలో, లోతుగా పూడ్చడం. లోతు ఎందుకంటే పాతిన చోట స్పోర్లను వానపాములు పైకి తెస్తాయని లూయీ పాశ్చర్ 1880 ప్రాంతంలోనే గమనించాడు.

కాల్చడం అంటే నాలుగు కట్టెలు పేర్చి నిప్పు పెట్టడం అనుకోకండి. పశువు శరీరంలో మూడింట రెండొంతుల దాకా నీరే. పైన చర్మం మాడి, లోపల పచ్చిగా మిగిలిపోతే మొదటికన్నా అధ్వానం. కింద గాలి ఆడేలా కందకం తీసి, దాని మీద కట్టెలు పేర్చి, కళేబరాన్ని వాటి మీద పెట్టి, బూడిదయ్యేదాకా మనుషులు కనిపెట్టుకుని ఉండాలి. టైర్లు, ప్లాస్టిక్ వేయడం చాలా చోట్ల నేరం, ఆ పొగ పీల్చేవాళ్ళకు విషం. బహిరంగంగా కాల్చడానికే అనుమతి ఇవ్వని ప్రాంతాలు ఎక్కువ. సదుపాయం ఉన్నచోట మూసిన కొలిమే సరైన దారి. అక్కడ పొగను రెండో గదిలో 850 డిగ్రీల దగ్గర కనీసం 2 సెకన్లు మళ్ళీ మండిస్తారు, అందుకే వాసన కూడా రాదు.

కోళ్ళ ఫారాలు, డెయిరీలు ఉన్నవాళ్ళకు ఇంకో దారి కంపోస్టు. రంపపు పొట్టు, చెక్క పేళ్ళు, చొప్ప లాంటివి రెండడుగుల మందాన పరిచి, మీద కళేబరం పెట్టి, అన్ని వైపులా మరో రెండడుగులు కప్పాలి. సరిగ్గా పేరిస్తే లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీలకు చేరుతుంది. మామూలు రోగక్రిములు ఆ వేడికి చస్తాయి. కోళ్ళు వారాల్లో, పెద్ద పశువు ఆరు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలంలో కలిసిపోతాయి. పెద్ద ఎముకలు మిగులుతాయి, వాటిని తర్వాతి కుప్పలో వేసుకోవచ్చు. వాసన వస్తోందంటే పైన కప్పింది చాల్లేదని అర్థం. దొమ్మకూ, మ్యాడ్ కౌ లాంటి, మెదడును తినేసే ప్రయాన్ జబ్బులకూ ఈ పద్ధతి పనికిరాదు.

ఇక దూరంగా పడేయడం. ఇది నేరం కావచ్చు అని చెప్పి ఊరుకోను, ఏం జరుగుతుందో చెప్తాను. కుక్కలు దాన్ని తిని గుంపుగా అక్కడే మరుగుతాయి. గొర్రెల కాలేయం, ఊపిరితిత్తులు తిన్న కుక్కల్లో బద్దెపురుగు పెరుగుతుంది, వాటి మలం ద్వారా మనుషుల కాలేయంలో నీటితిత్తులు వస్తాయి. భాస్వరం లోపం ఉన్న పశువులు ఎండిన ఎముకలు నములుతాయి, అందులోని బోట్యులిజం విషంతో కాళ్ళూ నాలుకా పడిపోయి చనిపోతాయి. రాబందులు తినే చోట సమస్య ఇంకో రకం. చనిపోయే ముందు పశువుకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇచ్చి ఉంటే ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చస్తుంది. దక్షిణాసియాలో మూడు రకాల రాబందులు 1990ల నుంచి దాదాపుగా తుడిచిపెట్టుకుపోవడానికి ఇదే కారణమని 2004లో తేలింది. భారత్ 2006లో పశువులకు ఆ మందును నిషేధించింది. బదులుగా వాడే మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదు. చివరి రోజుల్లో ఏ మందులు ఇచ్చారో రాసి పెట్టుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

చట్టం మాట. దేశానికో తీరు, ఒకే దేశంలో ప్రాంతానికో తీరు. అయినా దాదాపు అన్నిచోట్లా ఉమ్మడిగా కనిపించేవి కొన్ని ఉన్నాయి. దొమ్మ, రేబిస్, బర్డ్ ఫ్లూ లాంటి జబ్బుల అనుమానం వస్తే అధికారులకు చెప్పడం యజమాని బాధ్యత. కళేబరాన్ని నీళ్ళలో, రోడ్డు పక్కన, పరాయి స్థలంలో వేయడం నేరం. ఎంతసేపట్లో తీసేయాలో గడువు ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు దాన్ని 24, 48, 72 గంటలని పెట్టాయి. కొన్ని చోట్ల అసలు పూడ్చడమే నిషేధం. యూరప్‌లో 2003 నుంచి ఫారం పశువులను, మారుమూల ప్రాంతాల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, పూడ్చకూడదు, లైసెన్సు ఉన్న కేంద్రానికి పంపాల్సిందే. ఆ కఠినత్వం వెనక మ్యాడ్ కౌ అనుభవం ఉంది. చనిపోయిన పశువుల్ని ఉడికించి తీసిన మాంసపు పొడిని తిరిగి పశువులకే దాణాగా పెట్టడం వల్ల ఆ జబ్బు బ్రిటన్‌లో పాకింది. 1986లో గుర్తించి, 1988లో ఆ దాణాను పశువులకు ఆపేశారు. మీ ప్రాంతంలో ఏది చెల్లుతుందో పశువైద్య శాఖ, స్థానిక పారిశుధ్య విభాగం, ఈ రెండింటినీ అడగండి. ఎవరితో ఎప్పుడు మాట్లాడారో రాసుకోండి.

కుక్క దగ్గరికి వద్దాం. దాని గురించి అడిగేటప్పుడు మీరు ఎంత బాధలో ఉన్నారో మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్‌లో సాధారణంగా వాడేది పెంటోబార్బిటాల్. కుక్కకు నొప్పి తెలియదు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. కానీ ఆ మందు శరీరంలోనే ఉండిపోతుంది, నెలలు గడిచినా త్వరగా విరిగిపోదు. ఆ శరీరాన్ని ఇంకో కుక్క, నక్క, గద్ద తవ్వి తింటే అవీ మత్తులో పడి చస్తాయి. కాబట్టి పూడ్చేది మీ సొంత స్థలమే అయినా, పైన కనీసం 3 అడుగుల మట్టి, దాని మీద బరువైన బండలు ఉండాలి. పలచటి బట్టలో చుట్టండి, ప్లాస్టిక్ సంచిలో వద్దు, అందులో ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి తీసుకోవాలి. అంత లోతు తవ్వే వీలు లేకపోతే పెంపుడు జంతువుల దహనశాలే మంచిది. ఏర్పాటు ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆ రోజు ఈ ఫోన్లు చేసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఎలుకలు, పక్షులు లాంటి చిన్నవాటికి ఇంత తతంగం అక్కర్లేదు. చచ్చిన ఎలుకను పొడిగా ఊడ్వకుండా, బ్లీచ్ నీళ్ళతో తడిపి అయిదు నిమిషాలు ఆగి, గ్లవ్స్‌తో రెండు సంచుల్లో కట్టి చెత్తలో వేయొచ్చు. ఒకే చోట చాలా పక్షులు చనిపోయి కనిపిస్తే మాత్రం ముట్టుకోకుండా అధికారులకు చెప్పండి.

ఆవు పడి ఉన్న చోటును శుభ్రం చేయడం ఎవరూ అడగరు, మీరూ అడగలేదు. దాని కింద నానిన గడ్డి, పేడ, పై పొర మట్టి, అన్నీ దాంతోపాటే పోవాలి. నేల మీద ఈడ్చుకుంటూ పోవద్దు, బరకం మీదకు దొర్లించి ఎత్తండి. బ్లీచింగ్ చల్లేది ఆ తర్వాతే. పేడ మీద చల్లిన బ్లీచింగ్ పేడతోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా చేరదు. ముందు సబ్బునీళ్ళతో గీకి కడిగి, తర్వాత బ్లీచ్ పోసి నిలవనివ్వండి. బండినీ తాళ్ళనూ బూట్లనూ కూడా. దొమ్మ అని తేలితే మీరు దేన్నీ కడగొద్దు. ఆ నేలకు ఫార్మలిన్ లాంటివి కావాలి, అది అధికారుల పని.

చివరగా మిగతా పశువులు. పరీక్ష ఫలితం వచ్చేదాకా పొద్దునా సాయంత్రం ఒక్కోదాని జ్వరం చూడండి. దొమ్మ అయితే డాక్టర్ టీకా వేస్తారు, కానీ ఒక చిక్కు ఉంది. ఆ టీకాలో ఉండేది బలహీనపరిచిన బతికున్న క్రిమి. అదే సమయంలో ఎవరో చెప్పారని మీరు యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు వేయించేశారంటే ఆ క్రిమి చచ్చి టీకా పనిచేయదు. జ్వరం ఉన్నవాటికి మందు, జ్వరం లేనివాటికి టీకా, ఏది దేనికన్నది డాక్టర్‌నే విడగొట్టమనండి. ఇప్పటికే ఏదైనా ఇంజెక్షన్ వేయించి ఉంటే ఆ విషయం ఆయన గేటు దాటి లోపలికి వస్తుండగానే చెప్పేయండి.